డ్యూటీ పట్టికలో లేని ఇద్దరు: న్యూరాలజీ రెసిడెంట్ల అలసట ఎక్కడ పుడుతోంది

ఏటా రెండు డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ కోర్సు) సీట్లున్న న్యూరాలజీ విభాగాన్ని తీసుకుందాం. కోర్సు మూడేళ్లు కాబట్టి కాగితం మీద ఆరుగురు రెసిడెంట్లు. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా వారానికి ఆరు రోజులు పనిచేస్తే 54 గంటలు. రాత్రి డ్యూటీ సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 9 వరకు, అంటే 15 గంటలు. ఏడు రాత్రులను ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి వారానికి సగటున 17.5 గంటలు పడుతుంది. ఆదివారం పగటి డ్యూటీలో వంతు గంటన్నర. అన్నీ కలిపితే 73.

ఇప్పుడు ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు, ఫైనలియర్‌లో ఒకరు పరీక్షలకు చదువుకోవడానికి వెళ్లారు. మిగిలింది నలుగురు. రాత్రుల వంతు 26.25 గంటలకు, ఆదివారం వంతు 2.25 గంటలకు పెరిగి మొత్తం 82.5 అవుతుంది. ఎవరూ పని ఎగ్గొట్టలేదు, ఎవరూ ఎవరినీ వేధించలేదు. అయినా తలా వారానికి తొమ్మిదిన్నర గంటలు అదనంగా పడ్డాయి. పైగా ఈ లెక్కలో సాయంత్రం 6 తర్వాత సాగే రౌండ్స్ లేవు, థీసిస్ లేదు, జర్నల్ క్లబ్‌కు చదువుకునే సమయం లేదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 1992లో తెచ్చిన రెసిడెన్సీ పథకం ఏకధాటి డ్యూటీ సాధారణంగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదంది. అమెరికాలో 2003 నుంచి 80 గంటల పరిమితి అమల్లో ఉంది. మన జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో 'సమంజసమైన పనిగంటలు' అని మాత్రమే రాసి, అంకె వేయకుండా వదిలేసింది. ఆ కమిషనే నియమించిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ 2024 నివేదికలో 74 గంటలు మించొద్దని సూచించింది. ఆ నివేదిక కోసం జరిగిన సర్వేలో, వారానికి 60 గంటలకు పైగా పనిచేస్తున్నామని 45 శాతం పీజీలు, వారపు సెలవు దొరకడం లేదని 56 శాతం చెప్పారు. ఆరుగురూ హాజరుగా ఉన్నప్పుడే 73కు చేరే పట్టిక, ఎవరికీ జ్వరం రాదని, ఎవరికీ బిడ్డ పుట్టదని, ఎవరికీ పరీక్షలుండవని అనుకుని రాసిన పట్టిక. న్యూరాలజీలో అలసట గురించి మాట్లాడాల్సి వస్తే ముందు ఇక్కడి నుంచే మాట్లాడాలి.

రాత్రి డ్యూటీ అంటే పడుకుని ఉండి, పిలిస్తే లేవడం అని ఇతర విభాగాల్లో అనుకునే రోజులు ఉండేవి. న్యూరాలజీలో ఆ అవకాశం పోయింది. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు వచ్చిన, అర్హత ఉన్న రోగికి గడ్డ కరిగించే మందు ఇవ్వాలి. దీన్నే లైసిస్ అంటారు. ఆల్టెప్లేస్ అయితే కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 90. అందులో పది శాతం ఒకేసారి, మిగతాది గంటలో. టెనెక్టెప్లేస్ అయితే కిలోకు 0.25 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 25, ఒకే ఇంజెక్షన్. మందు ఎక్కించాక అసలు పని మొదలవుతుంది. మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకు, తర్వాత ఆరు గంటలు ప్రతి అరగంటకు, ఆపైన 24 గంటలు పూర్తయ్యేదాకా గంటకోసారి బీపీ, నరాల పరీక్ష చూడాలి. అంటే ఒక్క రోగికి 36 సార్లు. మొదటి ఎనిమిది గంటల్లోనే 20 సార్లు. స్ట్రోక్ యూనిట్‌లో శిక్షణ పొందిన నర్సులుంటే ఇది వాళ్ల పని. వార్డులో నలభై మంది రోగులకు ఇద్దరు నర్సులుంటే ఇది రెసిడెంట్ పని, ఆ రాత్రి ఇంకో రోగి వచ్చినా సరే.

2018లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల తర్వాత, ఎంపిక చేసిన రోగుల్లో 24 గంటల వరకూ క్యాథెటర్‌తో గడ్డను లాగేయవచ్చని తేలింది. అంతకుముందు, రాత్రి మామూలుగా పడుకుని పొద్దున కాలూచేయీ పడిపోయి లేచిన మనిషికి చేయగలిగింది చాలా తక్కువ. ఇప్పుడు అలాంటి ప్రతి మనిషికీ యాంజియోగ్రామ్, వీలైతే పెర్ఫ్యూజన్ స్కాన్ (మెదడుకు రక్తం ఎంత అందుతోందో చూపేది), ఇంటర్వెన్షన్ బృందానికి ఫోన్, బంధువులతో మాట, ఒప్పుకోలు పత్రం. రోగులకు ఇది గొప్ప మేలు. కానీ చికిత్స గడువు కొన్ని గంటల నుంచి 24 గంటలకు పెరిగినప్పుడు, రాత్రి పూట పనిచేసే డాక్టర్ల పోస్టులు ఆ మేరకు పెరగలేదు. పెరిగిన పని అంతా ఉన్నవాళ్ల నిద్రలోంచే వచ్చింది.

నిద్ర లేకపోతే ఏమవుతుందో న్యూరాలజిస్టులకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానం. 24 గంటలు దాటితే అది దాదాపు 0.10 శాతంతో సమానం. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం అనుమతించేది 0.03 శాతం. ఉదయం 9కి వచ్చి మర్నాడు సాయంత్రం 6కి వెళ్లే రెసిడెంట్ 33 గంటలు పనిలో ఉంటారు. వెళ్లేది చాలాసార్లు తన బండి మీదే.

అలాగని గంటలు కోసేస్తే అంతా సర్దుకుంటుందనడానికి లేదు. 2004లో అమెరికా ఐసీయూల్లో జరిగిన ప్రయోగంలో సుదీర్ఘ షిఫ్టుల్లో ఉన్న ఇంటర్న్‌లు 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారు. ఇది అందరూ ఉటంకించే అంకె. 2020లో ఆరు పిల్లల ఐసీయూల్లో ఇలాంటి ప్రయోగమే చేస్తే ఫలితం తిరగబడింది: షిఫ్టులు తగ్గించిన చోటే పొరపాట్లు పెరిగాయి. కారణం వెతికితే, షిఫ్టు తగ్గించినప్పుడు ఒక్కో రెసిడెంట్ చూసే రోగుల సంఖ్య పెరిగింది. ఆ తేడాను లెక్కలోకి తీసుకున్నాక షిఫ్టు వల్ల వచ్చిన నష్టం కనబడలేదు. మనుషుల్ని పెంచకుండా గంటలు తగ్గించడం పనిని కుదించడమే తప్ప తగ్గించడం కాదు. ఈ రెండో అధ్యయనాన్ని పనిగంటల ఉద్యమాల్లో ఎవరూ ప్రస్తావించకపోవడం నష్టం, ఎందుకంటే పోస్టులు అడగడానికి అంతకన్నా బలమైన ఆధారం లేదు.

పోస్టులు వచ్చేలోగా విభాగం తన చేతుల్లో ఉన్నంతలో చేయగలిగిన అతి పెద్ద మార్పు, డ్యూటీ మర్నాడు ఉదయం 11కి పంపించేయడం. పై లెక్కలో నలుగురున్నప్పుడు ఒక్కొక్కరికి వారానికి ఒకటిన్నర సార్లు డ్యూటీ మర్నాడు పనిదినం వస్తుంది. ప్రతిసారీ ఏడు గంటలు మిగిలితే పదిన్నర గంటలు తగ్గి, 82.5 కాస్తా 72 అవుతుంది. ఆరుగురుంటే 66. ఏకధాటి డ్యూటీ 33 గంటల నుంచి 26కు దిగుతుంది. ఇదీ ఎక్కువే, కానీ ఒక్క కొత్త పోస్టు లేకుండా సాధ్యమయ్యేది ఇది.

దీనికి మొదటి అడ్డంకి ఓపీ. ఉదయం 9 నుంచి 1 దాకా 120 మంది వస్తే, నలుగురు కూర్చుంటే ఒక్కో రోగికి 8 నిమిషాలు, ఇద్దరే కూర్చుంటే 4. అందుకే డ్యూటీ దిగినవాళ్లను కూడా ఓపీలో కూర్చోబెడతారు. ఇక్కడ కోయాల్సింది రోగుల్ని కాదు, అనవసరపు రాకలను. ఆర్నెల్లుగా ఫిట్స్ రాని, మందు మారని ఎపిలెప్సీ రోగి మాత్రల కోసం నెలనెలా స్పెషలిస్టు ముందు నిలబడాల్సిన అవసరం లేదు. వాళ్లకు విడిగా ఒక కౌంటరు, ఒక మెడికల్ ఆఫీసర్, రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తే చాలు. ఫిట్స్ మళ్లీ వచ్చినవాళ్లు, గర్భిణులు, వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడుతున్న సంతానోత్పత్తి వయసు మహిళలు మాత్రం తప్పనిసరిగా న్యూరాలజిస్టు దగ్గరికే రావాలి. ఈ మినహాయింపులను కౌంటరు గోడ మీద రాసి పెట్టాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2016 సర్వేలో జవాబిచ్చినవారిలో సుమారు 60 శాతం మందికి బర్నవుట్ (పని భారంతో పూర్తిగా డస్సిపోవడం) లక్షణం కనీసం ఒకటి ఉంది. పనిగంటలు, ఆన్‌కాల్ రాత్రులు, ఓపీ రోగుల సంఖ్య, గుమాస్తా పని పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. సమర్థులైన సహాయక సిబ్బంది, పని మీద స్వతంత్రం, చేసే పనికి అర్థం ఉందన్న భావన ఉన్నవారిలో తగ్గింది. మాత్రల కౌంటరుకు ఒక మెడికల్ ఆఫీసర్, ఆరోగ్యశ్రీ ముందస్తు అనుమతుల కాగితాలకు ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ అంటే ఆ సర్వే చెప్పినదాన్ని మన ఆసుపత్రిలోకి తేవడమే.

రెండో అడ్డంకి అప్పగింత. ఉదయం 11కి వెళ్లిపోయే మనిషి రోగులను సరిగా అప్పజెప్పకపోతే ఆ సెలవే ప్రమాదం అవుతుంది. 'స్ట్రోక్ కేసు, లైసిస్ అయింది, స్టేబుల్' అనే మూడు ముక్కలతో అప్పగింత ముగిస్తే, మధ్యాహ్నం రోగి చెయ్యి ఎత్తలేకపోతున్నప్పుడు అది రాత్రి నుంచి ఉన్న బలహీనతా, కొత్తగా వచ్చిందా అన్నది ఎవరికీ తెలియదు. కొత్తదైతే వెంటనే సీటీ తీయాలి. అందుకని లైసిస్ చేసిన ప్రతి రోగికీ రాతలో ఉండాల్సినవి: చివరిసారి బాగున్న సమయం, మందు పేరు, మోతాదు, ఇచ్చిన సమయం, ముందూ తర్వాతా ఎన్ఐహెచ్ఎస్ఎస్ (పక్షవాతం తీవ్రతను కొలిచే) స్కోరు విడివిడి అంశాలతో సహా, బీపీ 180/105 లోపు ఉంచాలన్న సూచన, 24 గంటల సీటీ ఎప్పుడు తీయాలి, అప్పటిదాకా ఆస్పిరిన్ వద్దన్న మాట. గులియన్ బారీ (నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బు) రోగికైతే వైటల్ కెపాసిటీ, అంటే ఒక్క ఊపిరిలో వదలగల గాలి, ఎంత, కిలోకు 20 మిల్లీలీటర్లకు దిగితే ఐసీయూలో ఎవరికి ఫోన్ చేయాలి. ఆగని ఫిట్స్ రోగికి ఏ మందు ఎంత మోతాదులో ఎన్నింటికి ఇచ్చారు, తర్వాతి మెట్టు ఏమిటి. చివర్లో తీసుకునేవారు తాము అర్థం చేసుకున్నది తిరిగి చెప్పాలి. అందరూ వదిలేసేది ఈ అంశాన్నే. ఇలా ఒక పద్ధతి ప్రకారం అప్పగించడం నేర్పినప్పుడు తొమ్మిది ఆసుపత్రుల్లో వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో తేలింది. పది మంది రోగులకు ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై ఐదు నిమిషాలనూ పట్టికలో రాయాలి, లేకపోతే అవి ఎవరో ఒకరి నిద్రలోంచి పోతాయి.

ఎవరి సెలవు ఎవరి మీద పడుతోంది

ఇప్పుడు మొదట చెప్పుకున్న ఇద్దరిలో ఒకరి దగ్గరికి. చట్టం 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తుంది. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు, 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంటుంది. పీజీ నిబంధనలు సెలవును గుర్తిస్తాయి, శిక్షణ ఆ మేరకు పొడిగిస్తాయి. లోటు ఎక్కడంటే, ఆ 26 వారాల రాత్రులు ఎవరు చేయాలో ఏ నిబంధనా చెప్పదు. ఆ ప్రశ్నకు పట్టిక మౌనంగా ఇచ్చే జవాబు: 'మిగిలినవాళ్లు'. అలసిపోయిన మిగిలినవాళ్ల కోపం సెలవు పెట్టిన మహిళ మీదికి మళ్లుతుంది. ఆ తర్వాత 'ఆడవాళ్లను తీసుకుంటే ఇదే ఇబ్బంది' అన్న మాట పుడుతుంది, అది ఎంపికల్లో, ప్రొసీజర్లు నేర్పడంలో, సిఫార్సు ఉత్తరాల్లో కనబడకుండా పనిచేస్తుంది. వివక్ష చాలా విభాగాల్లో దురుద్దేశంతో మొదలవదు. మనుషులు సరిపోని పట్టిక దాన్ని తయారుచేస్తుంది. అందుకే వైద్యుల ఆరోగ్యానికి ఒక కమిటీ, సమానత్వానికి ఇంకో కమిటీ వేసి రెండింటినీ విడదీయడం అనవసరం. సరిచేయాల్సిన కాగితం ఒకటే.

ఆ కాగితాన్ని సరిచేయడం ఇలా. ఆరుగురున్నప్పుడే నలుగురికి సరిపడే పట్టిక రాసి, మిగతా రాత్రులకు సీనియర్ రెసిడెంట్లను, జనరల్ మెడిసిన్ పీజీల న్యూరాలజీ పోస్టింగ్‌ను కలిపి రెండో వరుస పెట్టాలి. మెడిసిన్ పీజీ మొదటి కాల్ తీసుకుంటే, లైసిస్ నిర్ణయానికి డీఎం రెసిడెంట్ లేస్తారు. గర్భం గురించి తెలిపిన రోజే, తర్వాతి ఏడు నెలల రాత్రులను ముందుకీ వెనక్కీ సర్ది రాసుకోవాలి. ఎనిమిదో నెలలో హడావుడిగా కాదు. క్యాథ్ ల్యాబ్ (ఎక్స్‌రే సాయంతో క్యాథెటర్ ప్రొసీజర్లు చేసే చోటు) పోస్టింగ్ కూడా అప్పుడే మాట్లాడాలి. గర్భం ప్రకటించాక పిండానికి చేరే రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ మించకూడదన్నది నియమం. ఏప్రాన్ లోపల పొట్ట దగ్గర రేడియేషన్ కొలిచే రెండో డోసిమీటర్ పెట్టి నెలనెలా చదివితే ఆ లెక్క తెలుస్తుంది. అడగకుండానే ల్యాబ్ నుంచి తప్పించేస్తే అది రక్షణలా కనబడినా శిక్షణ నష్టమే. నిర్ణయం ఆమెది.

వైకల్యం ఉన్న వైద్యుల విషయంలో 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: 40 శాతం వైకల్యం ఉందన్న అంకె ఒక్కటే చూపి ఎంబీబీఎస్ సీటు నిరాకరించకూడదు, ఆ మనిషి చదువును కొనసాగించగలరా అన్నది చూడాలి. న్యూరాలజీలో దీనికి ఎంతో చోటుంది. వినికిడి తక్కువున్న డాక్టరుకు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) చదవడంలో ఏ ఇబ్బందీ లేదు. వీల్‌చైర్‌లో ఉన్న డాక్టరుకు కావాల్సింది ఎత్తు మార్చగల పరీక్ష బల్ల, మంచాల మధ్య దారి. అన్నింటికన్నా తక్కువ మాట్లాడేది ఎపిలెప్సీ, మైగ్రేన్ ఉన్న రెసిడెంట్ల గురించి. నిద్ర తగ్గితే ఫిట్స్ వస్తాయని, వేళకు పడుకోవాలని ప్రతి ఎపిలెప్సీ రోగికీ చెప్పే విభాగం, అదే జబ్బు ఉన్న తన రెసిడెంటుకు 33 గంటల డ్యూటీ వేస్తుంది. ఆ రెసిడెంట్ జబ్బు దాస్తారు, లేదా కోర్సు వదిలేస్తారు. వాళ్లకు రాత్రుల బదులు ఎక్కువ సాయంత్రాలు, ఆదివారాలు, ఈఈజీ రిపోర్టింగ్ గంటలు ఇవ్వవచ్చు. గంటలు సమానంగా ఉన్నాయని అందరికీ కనబడేలా రాస్తే మిగతావారికి అభ్యంతరం ఉండదు.

భాష సంగతీ ఇందులో భాగమే. అఖిల భారత కౌన్సెలింగ్ ద్వారా కేరళ నుంచో బిహార్ నుంచో హైదరాబాద్, విశాఖ వచ్చే రెసిడెంటుకు తెలుగు రాదు. శస్త్రచికిత్స విభాగాల్లో కొంతకాలం నెట్టుకురావచ్చు, న్యూరాలజీలో కుదరదు. చివరిసారి ఎప్పుడు బాగున్నారో రాబట్టడం, మాట పడిపోయిందో లేదో తేల్చడం, జ్ఞాపకశక్తి పరీక్షించడం అన్నీ భాషతోనే. 2013లో హైదరాబాద్ నిమ్స్ నుంచి 648 మంది డిమెన్షియా రోగులపై వచ్చిన అధ్యయనం, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని చూపింది. మన రోగుల్లో ఇంట్లో ఒక భాష, బజార్లో ఇంకో భాష మాట్లాడేవాళ్లు మామూలే. ఐసీఎంఆర్ తయారుచేసిన జ్ఞానశక్తి పరీక్షల సంపుటి తెలుగులోనూ ఉంది. కొత్తగా చేరినవారికి మొదటి రెండు నెలలు వారానికి రెండు గంటల బెడ్‌సైడ్ తెలుగు, స్ట్రోక్ ప్రశ్నల ఒక పేజీ, మొదటి నెల రాత్రుల్లో తెలుగు వచ్చిన తోడు ఇస్తే చాలు. లేకపోతే ఆ రెసిడెంట్ ప్రతి రాత్రీ నర్సును బతిమాలుకుంటూ, బంధువుల విసుగు భరిస్తూ, తనకు తెలిసిన వైద్యమే చేయలేకపోతారు.

పట్టికకు ఎక్కని బరువులు

కొన్ని పనులు గంటల్లో తక్కువ, మనసు మీద ఎక్కువ. 60 కిలోల గులియన్ బారీ రోగికి ఇమ్యునోగ్లోబులిన్ కిలోకు 2 గ్రాముల చొప్పున 120 గ్రాములు కావాలి, అంటే 5 గ్రాముల సీసాలు 24. ఆ డబ్బు సమకూరుతుందా అని బంధువులను రాత్రి ఒంటిగంటకు అడిగేది చాలాచోట్ల రెసిడెంటే. ప్లాస్మా మార్పిడి ఫలితంలో తీసిపోదు, కానీ యంత్రం, మనిషి ఆ రాత్రి దొరకాలి. సరైన వైద్యం తెలిసి, చేయలేని స్థితి నుంచి వచ్చే బాధ నిద్రపోతే తగ్గదు.

బ్రెయిన్ డెత్ నిర్ధారణ ఇంకొకటి. చట్టం ప్రకారం నలుగురు వైద్యులు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. వెంటిలేటర్ ఆపి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మి.మీ. దాటేదాకా ఛాతీ కదులుతుందేమోనని చూస్తూ నిలబడే ఆ ఎనిమిది పది నిమిషాలు ఎన్నిసార్లు చేసినా తేలిక కావు. పరీక్షలో సాయం చేసిన రెసిడెంటునే కుటుంబంతో మాట్లాడమని పంపకూడదు. కుటుంబంతో సీనియర్ మాట్లాడాలి, అవయవదానం మాట జీవన్‌దాన్ కోఆర్డినేటర్ ఎత్తాలి. అయ్యాక బృందం పది నిమిషాలు కూర్చోవాలి, టీ తాగడానికైనా సరే.

లైసిస్ తర్వాత మెదడులో రక్తస్రావం జరిగినప్పుడు గొడవలు మొదలయ్యేవి ఎక్కువగా రాత్రిళ్లే. 1995 నాటి మూల అధ్యయనంలో ఇది 6.4 శాతం. మందు ఎక్కించకముందే 'నూటికి ఆరుగురిలో రక్తం చిమ్మవచ్చు' అని ఇద్దరు బంధువులకు చెప్పి, కన్సల్టెంట్‌ను ఫోన్ స్పీకర్‌లో కలిపి, సమయం వేసి కేస్ షీట్‌లో రాస్తే తర్వాతి మాట నిలబడుతుంది. ఆసుపత్రుల మీద దాడులకు మూడేళ్ల వరకు జైలు అన్న 2008 నాటి చట్టం ఉంది గానీ, అర్ధరాత్రి క్యాజువాలిటీలో పనికొచ్చేది గేటు దగ్గరి సెక్యూరిటీ. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీకర్ ఘటన తర్వాతైనా, లోపల గడియ ఉన్న, టాయిలెట్ ఉన్న డ్యూటీ గది మహిళలకు వేరుగా ఉందా లేదా అన్నది ప్రతి విభాగాధిపతీ స్వయంగా వెళ్లి చూడాల్సిన విషయం.

యోగా, ధ్యానం తరగతులు పనికిరావని కాదు. 2016లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ వ్యక్తిగత ప్రయత్నాలు, సంస్థాగత మార్పులు రెండూ బర్నవుట్‌ను తగ్గిస్తాయని చూపింది. ఆదివారం ఉదయం 7 గంటలకు హాజరు తప్పనిసరి చేసి పెట్టే తరగతి మాత్రం ఉన్న ఒక్క సెలవునూ తినేస్తుంది. ఆత్మహత్య ఆలోచనలున్నవారికి 14416 టెలిమానస్ నంబరు 24 గంటలూ పలుకుతుంది. దాంతోపాటు, మార్కులు వేసేవాళ్లతో సంబంధం లేని వేరే సంస్థ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లే ఏర్పాటు కాలేజీ చేసిపెట్టాలి.

కొలవడంలో ఒక చిక్కుంది. మాస్లాక్ ప్రశ్నావళి 22 ప్రశ్నలతో మానసిక అలసటను, రోగుల పట్ల మొద్దుబారడాన్ని, పని మీద తృప్తిని కొలుస్తుంది. ఆరుగురున్న విభాగంలో పేరు రాయకుండా నింపినా ఎవరు నింపారో అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి ఎవరూ నిజం రాయరు. దాన్ని కాలేజీ మొత్తంలోని సూపర్ స్పెషాలిటీలన్నీ కలిపి చేయాలి. విభాగం స్థాయిలో మనుషుల మనసును కాకుండా పనిని కొలవాలి: డ్యూటీ మర్నాడు ఎన్ని గంటలకు వెళ్లారు, నెలలో ఎన్ని వారపు సెలవులు నిజంగా దక్కాయి, అడిగిన సెలవుల్లో ఎన్ని ఇచ్చారు, రాత్రి 12 నుంచి 6 మధ్య ఎన్ని కాల్స్ వచ్చాయి, ఓపీలో ఒక్కో డాక్టరు ఎంతమందిని చూశారు. ఇవి ఎవరి రహస్యమూ కావు, నెలకు అరగంటలో తీయవచ్చు. వీటిని డ్యూటీ గది బయట అంటించి, ఆరు నెలల అంకెలను సూపరింటెండెంటుకు, అక్కడి నుంచి వైద్య విద్య సంచాలకులకు పంపే సీనియర్ రెసిడెంట్ పోస్టుల ప్రతిపాదనకు జతచేయాలి. 'పని ఎక్కువగా ఉంది' అన్న ఉత్తరం ఫైల్లో పడి ఉంటుంది. రాత్రికి ఇన్ని కాల్స్, వారానికి 82.5 గంటలు, కావాల్సిన పోస్టులు రెండు అని రాసిన ఉత్తరానికి సంతకం పెట్టేవాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది.